తులనాత్మక ప్రయోజనం: ఏ దేశం ఏది అమ్మాలి, ఏది కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ, పీజీ, గ్రూప్స్ విద్యార్థులు అడిగేవి కొన్ని, రొయ్యలు, వరి, పామాయిల్ ధరలు చూసి రైతులు, వ్యాపారులు అడిగేవి కొన్ని. రెండు రకాలకూ ఇక్కడ జవాబులున్నాయి. లెక్కలు నేర్చుకోవాలంటే మొదటి సగం చదవండి. మన నేల సంగతి కావాలంటే నేరుగా రొయ్యల ప్రశ్నకు వెళ్లినా ఇబ్బంది లేదు.

తులనాత్మక ప్రయోజనం అంటే ఏమిటి?

ఒక సరుకు తయారు చేయడానికి వాడిన నేల, నీరు, మనుషులతో ఇంకోటి చేసుకునే వీలుంటుంది. ఆ వదులుకున్న రెండో సరుకే మొదటిదాని అసలు ఖర్చు. దీన్నే అవకాశ వ్యయం అంటారు. ఒక సరుకు కోసం ఏ దేశం తక్కువ వదులుకుంటుందో ఆ సరుకులో ఆ దేశానికి తులనాత్మక ప్రయోజనం ఉన్నట్టు.

దీంతో ఒక సంగతి దానంతటదే తేలుతుంది. రెండు దేశాలు, రెండు సరుకులే ఉన్నాయనుకుంటే రెండింటిలోనూ ఒకే దేశానికి తులనాత్మక ప్రయోజనం ఉండదు. గుడ్డ కోసం ఎక్కువ బియ్యం వదులుకునే దేశం బియ్యం కోసం తక్కువ గుడ్డ వదులుకుంటుంది. రెండు దేశాల నిష్పత్తులూ అచ్చంగా సమానమైతే ఇద్దరికీ ఏ ప్రయోజనమూ ఉండదు, వ్యాపారానికి కారణమూ ఉండదు.

నిరపేక్ష ప్రయోజనంతో దీనికి తేడా ఏమిటి?

ఎవరు తక్కువ శ్రమతో చేస్తారన్నది నిరపేక్ష ప్రయోజనం. 1776లో ఆడమ్ స్మిత్ వాదన దీని మీదే నిలిచింది. అన్నిట్లోనూ వెనకబడిన దేశం ఏం అమ్మాలన్న ప్రశ్నకు అక్కడ జవాబు లేదు. 1815లో రాబర్ట్ టారెన్స్ దాని దగ్గరదాకా వచ్చాడు. 1817లో డేవిడ్ రికార్డో నాలుగు అంకెలతో తేల్చాడు.

ఆ నాలుగు అంకెలు ఏమిటి? లెక్క ఎలా చేయాలి?

రికార్డో ఉదాహరణలో ఇంగ్లండ్‌కు కొంత గుడ్డ నేయడానికి ఏడాది పాటు 100 మంది కావాలి, కొంత వైన్ తీయడానికి 120 మంది కావాలి. అదే గుడ్డకు పోర్చుగల్‌లో 90 మంది, అదే వైన్‌కు 80 మంది చాలు. రెండిట్లోనూ పోర్చుగల్‌దే పైచేయి.

1. ఒక్కో దేశంలో గుడ్డ ఖర్చును వైన్‌లో చెప్పండి. ఇంగ్లండ్‌లో 100 ÷ 120 = 0.83 వైన్. పోర్చుగల్‌లో 90 ÷ 80 = 1.125 వైన్.
2. తక్కువ ఎవరిదో చూడండి. ఇంగ్లండ్‌ది. కాబట్టి ఇంగ్లండ్ గుడ్డ నేస్తుంది, పోర్చుగల్ వైన్ తీస్తుంది.
3. మారకం హద్దులు రాయండి. ఒక గుడ్డకు 0.83 నుంచి 1.125 వైన్ దాకా.
4. ఆ హద్దుల్లో ఒక ధర పట్టుకుని లాభం తేల్చండి. ఒకటికి ఒకటి అనుకుంటే ఇంగ్లండ్‌కు 120 మంది పని పట్టే వైన్ 100 మంది నేసిన గుడ్డకే వస్తుంది, 20 మంది పని మిగిలింది. పోర్చుగల్‌కు 90 మంది పని పట్టే గుడ్డ 80 మంది తీసిన వైన్‌కే వస్తుంది, 10 మంది పని మిగిలింది.

మొత్తం ఉత్పత్తి కోణంలోనూ సరిచూసుకోవచ్చు. ఎవరికి వారు చేసుకున్నప్పుడు ఇంగ్లండ్‌లో 220 మంది, పోర్చుగల్‌లో 170 మంది కలిసి 2 గుడ్డలు, 2 వైన్లు చేశారు. పని పంచుకున్నాక అదే మనుషులతో 220 ÷ 100 = 2.2 గుడ్డలు, 170 ÷ 80 = 2.125 వైన్లు. కొత్త యంత్రం రాలేదు, ఒక్క మనిషీ అదనంగా చేరలేదు. అయినా రెండు సరుకులూ పెరిగాయి.

పరీక్షల్లో ఈ లెక్క ఎక్కువగా ఎక్కడ తప్పుతుంది?

పట్టిక చదవడంలో. రికార్డో పట్టిక ఒక యూనిట్‌కు ఎంతమంది కావాలో చెబుతుంది. ప్రశ్నపత్రాల్లో చాలాసార్లు ఒక మనిషి ఎన్ని యూనిట్లు చేస్తాడో ఇస్తారు. భాగహారం తిరగబడుతుంది, జవాబూ తిరగబడుతుంది.

ఉదాహరణకు ‘అ’ దేశంలో ఒక కార్మికుడు రోజుకు 6 బస్తాల బియ్యం లేదా 3 గజాల గుడ్డ చేస్తాడు. ‘ఆ’ దేశంలో 2 బస్తాలు లేదా 2 గజాలు. ఇది ఉత్పత్తి పట్టిక. గజం గుడ్డ కోసం ‘అ’ దేశం వదులుకునేది 6 ÷ 3 = 2 బస్తాలు, ‘ఆ’ దేశం వదులుకునేది 2 ÷ 2 = 1 బస్తా. గుడ్డ ‘ఆ’ దేశానిదే. ఇదే పట్టికను గంటల పట్టిక అనుకుని 3 ÷ 6 చేస్తే ‘అ’ దేశానికి 0.5 వస్తుంది, గుడ్డ ‘అ’కు వెళ్లిపోతుంది. అందుకే ముందు పట్టిక పైన రాసిన వాక్యం చదవాలి. ఉత్పత్తి పట్టిక అయితే వదులుకున్న సరుకు పైన, కావలసిన సరుకు కింద. శ్రమ పట్టిక అయితే దీనికి సరిగ్గా తలకిందులు.

రెండో తప్పు: రెండు దేశాల అంకెలను నేరుగా పోల్చి ‘పోర్చుగల్ రెండిట్లోనూ మెరుగు, కాబట్టి వ్యాపారం ఉండదు’ అని రాయడం. మూడోది హద్దులు రాసేటప్పుడు ఒక దేశానికి గుడ్డ ఖర్చు, ఇంకో దేశానికి వైన్ ఖర్చు తీసుకోవడం. రెండూ ఒకే సరుకులో ఉండాలి.

హద్దుల మధ్య అసలు ధర ఎక్కడ ఆగుతుంది?

రికార్డో ఒకటికి ఒకటి అని ఊరికే అనుకున్నాడు. ఎవరి సరుకుకు అవతలివాడి గిరాకీ ఎంత గట్టిదన్న దాన్ని బట్టి ధర ఆగుతుందని జాన్ స్టువర్ట్ మిల్ తర్వాత పూరించాడు. ధర మన దేశీయ నిష్పత్తికి ఎంత దగ్గరగా ఉంటే మన లాభం అంత తక్కువ. చిన్న దేశం పెద్ద దేశంతో బేరమాడినప్పుడు ధర పెద్ద దేశపు నిష్పత్తి దగ్గర ఆగుతుంది కాబట్టి లాభంలో ఎక్కువ వాటా చిన్నదానికే రావచ్చు. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

కూలి తక్కువున్న దేశం అన్నీ చవగ్గా అమ్మి మనల్ని ముంచేయదా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. జవాబు కూడా అదే పట్టికలో ఉంది.

ఇంగ్లండ్ గుడ్డ అమ్ముడుపోవాలంటే 100 మంది ఇంగ్లిష్ కూలి 90 మంది పోర్చుగీసు కూలి కంటే తక్కువ పడాలి. అంటే ఇంగ్లండ్ కూలి పోర్చుగల్ కూలిలో పదింట తొమ్మిది వంతులకు మించకూడదు. పోర్చుగల్ వైన్ అమ్ముడుపోవాలంటే 80 మంది పోర్చుగీసు కూలి 120 మంది ఇంగ్లిష్ కూలి కంటే తక్కువ పడాలి. అంటే ఇంగ్లండ్ కూలి పోర్చుగల్ కూలిలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. ఈ 0.67, 0.9 మధ్యనే కూలీల నిష్పత్తి నిలుస్తుంది.

ఇంగ్లండ్ కూలి 0.95కి చేరితే గుడ్డ కూడా పోర్చుగల్‌లోనే చవక. అప్పుడు ఇంగ్లండ్ ఏమీ అమ్మలేదు, అన్నీ కొంటుంది, బంగారం బయటికి పోతుంది, ధరలూ కూలీలూ పడతాయి. ఇప్పుడైతే ఆ పని మారకపు రేటు చేస్తుంది. ఈ సర్దుబాటు పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం. బయట అది ఏళ్ల తరబడి నిరుద్యోగం కావచ్చు.

తక్కువ కూలి అన్నది ఎక్కువగా తక్కువ ఉత్పాదకత నీడ. 1937 నాటి అంకెలతో బ్రిటన్, అమెరికా ఎగుమతులను ఆర్థికవేత్త మెక్‌డూగల్ 1951లో పోల్చాడు. అమెరికా కూలి బ్రిటన్‌కు దాదాపు రెట్టింపు. అమెరికా కార్మికుడి ఉత్పాదకత రెట్టింపు దాటిన సరుకుల్లో అమెరికా, దాటని వాటిలో బ్రిటన్ ఎక్కువ ఎగుమతి చేశాయి. 25 సరుకుల్లో 20 ఈ లెక్కకు లొంగాయి.

రవాణా ఖర్చులు, సుంకాలు ఈ లెక్కను ఎంత మారుస్తాయి?

రికార్డో అంకెల్లో రెండు దేశాల నిష్పత్తుల మధ్య తేడా 1.125 ÷ 0.83, అంటే దాదాపు 1.35. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు పడే భారాన్ని హెచ్చవేస్తే ఇంతకు లోపే ఉండాలి. ఒక్కో వైపు 10 శాతమైతే 1.1 × 1.1 = 1.21, వ్యాపారం నడుస్తుంది. ఒక్కో వైపు 20 శాతమైతే 1.44, ఓడ రేవు దాటదు. ఇసుక, ఇటుక, తాజా పాలు ఎక్కువగా ఊరి చుట్టుపక్కలే అమ్ముడవడానికి కారణం ఇదే.

ఒక దేశం ఒకే సరుకు మీద పడిపోదేం?

అన్ని ఎకరాలూ, అందరు మనుషులూ ఒకేలా ఉండరు కనుక. మొదటి వెయ్యి ఎకరాల్లో వరి మానేసి చెరువు తవ్వితే పోయేది చౌడు నేల, చివరి వెయ్యి ఎకరాల్లో పోయేది బంగారం లాంటి మాగాణి. ఒక సరుకు పెంచేకొద్దీ దానికి వదులుకునేది పెరుగుతుంది, ఎక్కడో ప్రపంచ ధరతో సమానమై ఆగుతుంది.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ ఏది?

కోస్తా ఆంధ్ర రొయ్యలు. 2023–24లో దేశం నుంచి 17.81 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు వెళ్లాయి, విలువ 738 కోట్ల డాలర్లు. అందులో ఫ్రోజెన్ రొయ్యలే 7.16 లక్షల టన్నులు, 488 కోట్ల డాలర్లు. దాదాపు 2.97 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే పోయాయి. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం.

ప్రత్యేకీకరణ అంటే దేశానికో సరుకు అని పాఠం చెబుతుంది. రొయ్యలో అది దశకొకటిగా చీలింది. ఇప్పుడు మన చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ రొయ్య మన సముద్రపు జాతి కాదు, పసిఫిక్ మహాసముద్రపు అమెరికా తీరానిది. 2009లో మన దగ్గర సాగుకు అనుమతి వచ్చింది. వ్యాధుల్లేని తల్లి రొయ్యల్ని తరతరాలుగా ఎంపిక చేసి పెంచడం పెట్టుబడీ, జన్యుశాస్త్రమూ కావలసిన పని. అది హవాయి, ఫ్లోరిడాల్లోని కేంద్రాలు చేస్తాయి. తల్లి రొయ్యలు విమానంలో చెన్నై క్వారంటైన్‌కు వచ్చి, అక్కడి నుంచి తీరం వెంట ఉన్న హేచరీలకు, అంటే రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రాలకు, చేరతాయి. పిల్ల భీమవరం, నెల్లూరు వైపు చెరువుల్లోకి వెళ్లి మూడు నాలుగు నెలలు పెరుగుతుంది. ఆ తర్వాత ప్లాంటులో తల తీయడం, తోలు తీయడం, నరం తీయడం. ఇవి చేతి పనులు, ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. చివరికి సరుకులో పెద్ద భాగం మళ్లీ అమెరికాకే పోతుంది.

పోటీదారు ఈక్వెడార్‌ను చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. రొయ్యల ఎగుమతిలో ప్రపంచంలో మొదటిది ఆ దేశం. చెరువులు పెద్దవి, పిల్లను మనకంటే పలచగా వేస్తారు. తలతో, తోలుతో ఉన్న సరుకును పెద్ద ఎత్తున చైనాకు పంపుతారు. అక్కడ కూలి మన కంటే ఎక్కువ కాబట్టి, ఒలిచిన రొయ్యకు పట్టే చేతి పని వాళ్లకు భారం. మనం ఒలిచిన రొయ్యను అమెరికా సూపర్‌మార్కెట్లకు పంపుతాం. పేరుకు ఒకే సరుకు, తులనాత్మక ప్రయోజనాలు వేరు. ఈక్వెడార్ ఒలిచే యంత్రాల మీద ఎంత పెట్టుబడి పెడితే మన ప్రయోజనం అంత తరుగుతుంది.

అయితే రొయ్యల ప్రయోజనం ఎక్కడ దెబ్బతింటుంది?

మూడు చోట్ల. ఒకటి వ్యాధి. 1990ల మధ్యలో తెల్ల మచ్చల వైరస్ అప్పట్లో పెంచే టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. అప్పటిదాకా ఉన్న ప్రయోజనం రెండు మూడు పంటల్లో పోయింది. పిల్లను ఒత్తుగా వేయాలన్న ఆశ ఇప్పటికీ అదే దారి పడుతుంది. నిబంధన ప్రకారం వనామీని చదరపు మీటరుకు 60కి మించి వేయకూడదు.

రెండోది నిషిద్ధ యాంటీబయాటిక్స్. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల జాడ దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది. ఒక్కడు వాడితే అందరి సరుకునూ అనుమానిస్తారు. 2016 నుంచి ఐరోపా సమాఖ్య మన సాగు రొయ్యల లాట్లలో సగం తనిఖీ చేయడం మొదలుపెట్టింది. తనిఖీ ఖర్చు, రేవులో ఆగే రోజులు, ఇవన్నీ రవాణా ఖర్చుల ప్రశ్నలో చెప్పిన 1.35 లాంటి తేడాను తినేసేవే.

మూడోది ఒక్క కొనేవాడి మీదే ఎక్కువగా ఆధారపడడం. అమెరికా 2005 నుంచి మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసే సుంకం) వేస్తోంది. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్టు మీద కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ధరలు వెంటనే కదిలాయి. మన ఉత్పాదకత ఆ నెలలో ఏమీ మారలేదు. పెరిగింది సుంకం, అంతే. సిద్ధాంతం ఇద్దరికీ లాభమనే చెబుతుంది కానీ, రేపూ తలుపు తెరిచే ఉంటుందని ఎక్కడా హామీ ఇవ్వదు.

వీటికి తోడు లెక్కలోకి రాని ఖర్చు ఇంకోటి: ఉప్పునీరు పక్క వరి పొలంలోకి, తాగునీటి బోర్లలోకి దిగడం. చెరువు రైతు పద్దులో అది ఉండదు. చెరువును మళ్లీ వరికి మార్చాలంటే ఉప్పు కడగడానికే ఏళ్లు పడుతుంది. వదులుకునే వరి ఒక్క పంట కాదు, రాబోయే పంటలన్నీ.

వంటనూనె మనమే పండించుకోలేమా? పామాయిల్‌ను ఇండొనేషియా, మలేషియాల నుంచి ఎందుకు కొనాలి?

దేశం ఏటా కోటిన్నర టన్నులకు పైగా వంటనూనెలు దిగుమతి చేసుకుంటోంది. అందులో పెద్ద భాగం పామాయిలే. ఆయిల్ పామ్ హెక్టారుకు 4 టన్నుల దాకా నూనె ఇస్తుంది. వేరుశనగలో ముప్పావు టన్ను కూడా కష్టం. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా వాన, అదే దానికి నీరు. మన దగ్గర వేసవిలో చెట్టుకు రోజుకు 150 నుంచి 200 లీటర్లు డ్రిప్‌తో ఇవ్వాలి. ఎకరాకు 57 చెట్లు. మిగతా గుణకారం మీరే చేసుకోండి.

అయినా మలేషియా ఎకరాతో మన ఎకరాను పోల్చి ఊరుకుంటే అది నిరపేక్ష ప్రయోజనమే అవుతుంది. వదులుకునేదేమిటో అడగాలి. ఊహా అంకెలు తీసుకుందాం. మన ఎకరాలో 3 టన్నుల బియ్యం లేదా 1.5 టన్నుల నూనె వస్తుంది. వాళ్ల ఎకరాలో 1.5 టన్నుల బియ్యం లేదా 1.6 టన్నుల నూనె. నూనెలో మనం దాదాపు వాళ్లతో సమానం. కానీ టన్ను నూనెకు మనం 2 టన్నుల బియ్యం వదులుకుంటాం, వాళ్లు 0.94 టన్నే. నూనె వాళ్లది, బియ్యం మనది.

ఇప్పుడు నీటికి ధర కట్టి చూడండి. ఆ 3 టన్నుల బియ్యం బోరు నీటితో, ఉచిత కరెంటుతో వచ్చిందనుకుందాం. నీటి ఖర్చు తీసేస్తే నిజంగా మిగిలేది 2 టన్నుల బియ్యం విలువే అయితే, టన్ను నూనెకు వదులుకునేది 1.33కి పడుతుంది. నూనె చెట్టు తాగే నీటినీ ఇలాగే తీసేయాలి, కానీ రెండు పంటల వరి కంటే అది తక్కువ. ఇది వాళ్ల 0.94 కంటే ఎక్కువే, కానీ మార్కెట్లో టన్ను నూనెకు దీనికి మించి బియ్యం వస్తే మెట్ట ప్రాంతపు బోరు వరి స్థానంలో ఆయిల్ పామ్‌కు అర్థముంది, 2 దాకా రాకపోతే కాలువ కింది మాగాణిలో లేదు. ‘స్వయం సమృద్ధి’ అన్న మాట మీద మొత్తం రాష్ట్రానికి ఒకే లక్ష్యం పెట్టడం మాకు సరిగా కనపడదు.

ఆయిల్ పామ్ వేసే రైతు ఏం చూసుకోవాలి?

మొదటి కోతకు మూడు నాలుగేళ్లు ఆగాలి, తోట పాతికేళ్లు ఉంటుంది. గెలలు కోసిన 24 గంటల్లో మిల్లుకు చేరకపోతే కొవ్వు ఆమ్లాలు పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. కాబట్టి మిల్లు ఎంత దూరంలో ఉందన్నది విత్తనం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. మీ మండలాన్ని ఏ కంపెనీకి కేటాయించారో, గెల ధరకు ఎంత శాతం నూనె రికవరీ లెక్కిస్తారో తెలుసుకోవాలి. సాగు సలహాకు ఏలూరు జిల్లా పెదవేగిలో కేంద్ర పరిశోధన సంస్థ ఉంది.

ధర మాత్రం ఢిల్లీ చేతిలో ఉంది. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్ పామ్ మిషన్ ప్రకటించింది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద ప్రాథమిక సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచి, 2025 మే చివర 10 శాతానికి తగ్గించింది. చెట్టుది పాతికేళ్ల లెక్క, సుంకానిది తొమ్మిది నెలల లెక్క.

బియ్యం ఎగుమతిలో మొదటి స్థానంలో ఉన్నాం. అది నిజమైన ప్రయోజనమేనా?

కొంత నిజం, కొంత సబ్సిడీ. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదైన ఏళ్లున్నాయి. డెల్టా నేలలు, కాలువలు, వరి తెలిసిన రైతులు నిజమైన బలం. ఉచిత విద్యుత్తు 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటలు ఇచ్చారు. బోరు నీటికి రైతు కట్టేది సున్నా అయినప్పుడు బియ్యం ధరలో నీరు కనపడదు. కిలో బియ్యం వెనక ఉన్న కొన్ని వేల లీటర్ల నీటిని కొనేవాడికి మనం ఊరికే ఇచ్చినట్టు. ధర అబద్ధం చెబితే తులనాత్మక ప్రయోజనం కూడా అబద్ధమే చెబుతుంది.

తులనాత్మక ప్రయోజనం పుట్టుకతో వచ్చేదా, తయారు చేసుకోగలిగేదా?

రెండూ. హెక్షర్ 1919లో, ఓలిన్ 1933లో చెప్పింది మొదటి రకం: ఏ వనరు దండిగా ఉంటే ఆ వనరు ఎక్కువ పట్టే సరుకు అమ్ముతారు. దాన్ని పరీక్షిస్తే అమెరికా ఎగుమతుల్లో పెట్టుబడి పాలు దిగుమతుల కంటే తక్కువని 1953లో లియాంటీఫ్‌కు తేలింది. శ్రమలో నైపుణ్యాన్ని కూడా లెక్కేయాలన్నది దానికి వచ్చిన జవాబుల్లో ముఖ్యమైనది.

హైదరాబాద్ మందుల పరిశ్రమ రెండో రకం. అక్కడ ఖనిజమూ లేదు, రేవూ లేదు. 1961లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సాయంతో బాలానగర్ దగ్గర సింథటిక్ మందుల ప్లాంటు పెట్టింది. కెమిస్టులు, ఇంజనీర్లు అక్కడ పని నేర్చుకుని బయటికి వచ్చి సొంత యూనిట్లు పెట్టుకున్నారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. కాబట్టి అదే మందును వేరే పద్ధతిలో చేయడమే ఇక్కడి నైపుణ్యం అయింది. 2005లో ఉత్పత్తి పేటెంటు వచ్చేనాటికి ఆ నైపుణ్యం అమెరికా జనరిక్ మార్కెట్‌కు సరిపోయేంత పెరిగింది.

అదే పరిశ్రమలో వ్యతిరేక ఉదాహరణ పెన్సిలిన్-జి. అమాక్సిసిలిన్ లాంటి మందులకు మూలం అది. రసాయన సంశ్లేషణ కాదు, కిణ్వనం. అంటే పెద్ద పెద్ద ట్యాంకులు, చవక గ్లూకోజు, రెప్పపాటు కూడా పోని కరెంటు కావాలి. చైనా భారీ స్థాయిలో చేసి ధర దించేసరికి మన తయారీదారులు మూసుకున్నారు. 2020లో కేంద్రం ముడి మందులకు 6,940 కోట్ల ప్రోత్సాహక పథకం పెట్టింది, 2024లో కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంటు మొదలైంది. ఇది తులనాత్మక ప్రయోజనం కాదు, బీమా. బీమాకు ప్రీమియం ఉంటుంది, అది ఎంతో, ఎన్నేళ్లో ముందే రాసుకోవాలి. కాపాడిన పరిశ్రమ ఎప్పటికీ పసిదిగానే ఉండిపోయిన సందర్భాలు మన దేశంలో కొదవ లేదు.

దేశానికి లాభమైతే అందరికీ లాభమేనా?

కాదు. 1941లో స్టాల్పర్, శామ్యూల్సన్ దీన్ని లెక్కతో చూపారు: దిగుమతులతో పోటీపడే సరుకులో ఎక్కువగా వాడే వనరు యజమానికి ఆదాయం నిజంగానే పడిపోతుంది. చైనా దిగుమతులు తాకిన అమెరికా ప్రాంతాల్లో నిరుద్యోగం పెరిగి కూలీలు తగ్గాయని 2013లో ఆటర్, డోర్న్, హాన్సన్ చూపారు. పామాయిల్ చవకైతే హోటళ్లకూ, కొనే ఇంటికీ లాభం, అనంతపురం వేరుశనగ రైతుకు నష్టం. గెలిచినవాళ్ల లాభంలోంచి ఓడినవాళ్లకు ఇచ్చినా ఇంకా మిగులుతుందన్నది సిద్ధాంతం. ఇవ్వమని మాత్రం అది ఎవరినీ బలవంతపెట్టదు, మార్కెట్టూ ఇవ్వదు. ఆ పని బడ్జెట్‌ది.

ఒకే రకం సరుకును దేశాలు అమ్ముతూ, కొంటూ కూడా ఉంటాయెందుకు?

జర్మనీ, ఫ్రాన్స్ పరస్పరం కార్లు అమ్ముకుంటాయి. ఇది రికార్డోతో తేలదు. పెద్ద ఎత్తున చేస్తే ఖర్చు తగ్గడం, కొనేవాళ్లు రకాలు కోరడం దీనికి కారణాలని 1979లో క్రుగ్మన్ చూపాడు.

లాభం ఎంతో ఎవరైనా కొలిచారా?

జపాన్ మంచి ప్రయోగశాల. రెండు శతాబ్దాలకు పైగా దాదాపు మూసుకుని ఉన్న దేశం 1859లో రేవులు తెరిచింది. పట్టు, తేయాకు అమ్మి నూలు, ఉన్ని బట్టలు కొన్నది. ఆ అంకెలను బెర్న్‌హోఫెన్, బ్రౌన్ పరిశీలించి, వ్యాపారం సాగిన దిశ సిద్ధాంతం చెప్పినట్టే ఉందనీ, లాభం జాతీయాదాయంలో 8–9 శాతానికి మించదనీ తేల్చారు. వ్యాపారం ఒక్కటే జపాన్‌ను ధనిక దేశం చేసిందనేవాళ్లు ఈ అంకె చూడాలి. ఆ 9 శాతం ఎందుకూ పనికిరాదనేవాళ్లు కూడా.

నా సరుకులో మన దేశానికి ప్రయోజనం ఉందో లేదో నేనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. 1965లో బేలా బలాసా ఇచ్చిన సూచిక ఉంది. మన ఎగుమతుల్లో ఆ సరుకు వాటాను, ప్రపంచ ఎగుమతుల్లో ఆ సరుకు వాటాతో భాగించాలి. 1 దాటితే ప్రయోజనం కనపడుతున్నట్టు. ఊహా అంకెలతో: దేశపు ఎగుమతులు 400, అందులో రొయ్యలు 5, అంటే 1.25 శాతం. ప్రపంచ ఎగుమతులు 24,000, అందులో రొయ్యలు 30, అంటే 0.125 శాతం. సూచిక 10.

అంకెలు ఐక్యరాజ్యసమితి వ్యాపార గణాంకాల వెబ్‌సైట్ యూఎన్ కామ్‌ట్రేడ్‌లోనూ, కేంద్ర వాణిజ్య శాఖ ఎగుమతి దిగుమతి డేటా బ్యాంకులోనూ ఉచితంగా దొరుకుతాయి. సరుకు పేరుతో కాకుండా హెచ్ఎస్ కోడ్‌తో (సరుకులను గుర్తించడానికి దేశాలు వాడే అంకెలతో) వెతకండి: బియ్యం 1006, పామాయిల్ 1511, ఫ్రోజెన్ రొయ్యలు 030617. నాలుగంకెల కోడ్, ఆరంకెల కోడ్ కలిపేస్తే లెక్క మొత్తం చెడుతుంది. ఒక్క ఏడాది చాలదు, కనీసం ఐదేళ్లు తీయండి. 2023 జూలైలో బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. ఆ ఏడాది అంకె మాత్రమే చూస్తే బియ్యంలో మన బలం తరిగినట్టు కనపడుతుంది, తరిగింది అనుమతి మాత్రమే. విడిభాగాలు తెప్పించి బిగించి పంపే మొబైల్ ఫోన్ల లాంటి సరుకుల్లో సూచిక ఉబ్బిపోతుంది, ఎందుకంటే ఫోన్ పూర్తి ధర మన ఎగుమతి ఖాతాలో పడుతుంది. అలాంటి వాటికి అదే డేటా బ్యాంకులో విడిభాగాల దిగుమతి అంకె కూడా తీసి, ఎగుమతి విలువలోంచి తీసేసి మళ్లీ లెక్కించండి.